కవర్లో వెంట్రుకలు, గోటి మీద గాడి

2024 డిసెంబరు రెండో వారంలో ఒకావిడ మా పార్లర్‌కి వచ్చి, కూర్చోగానే సంచిలోంచి పాలిథిన్ కవర్ తీసి బల్ల మీద పెట్టారు. లోపల ఉండ చుట్టిన జుట్టు. "ఇవి మూడు రోజులవి మేడమ్. పారెయ్యడానికి చెయ్యి రాలేదు" అన్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆవిడ వయసు 36. కంచరపాలెం వైపు భర్తతో కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. ఈ కేసు ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. విశాఖలో పదిహేడేళ్లుగా నేను జుట్టు, గోళ్ల సంరక్షణ చేస్తున్నాను. కుంకుడు, శీకాయ, మందార, గోరింటాకు నా వృత్తికి ప్రాణం. ఇంటి వైద్యం మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు. అందుకే అదే ఇంటి వైద్యం ఒక మనిషి తలను ఎలా పాడుచేసిందో దాచకుండా చెప్పాలనిపించింది.

చెప్పిన సంగతి

కార్తీకమాసం మొదలైన వారం పది రోజులకు జుట్టు ఊడటం మొదలైంది. తెల్లవారుజామున తలస్నానం చేసి తల తుడుచుకుంటే తువ్వాలు నిండా వెంట్రుకలే. రోజూ తలస్నానాల వల్లే అని అత్తగారు తేల్చేశారు. పక్కింటావిడ బోరు నీళ్ల మీదికి నెట్టారు. టెన్షన్ వల్ల అని భర్త అన్నారు. ఎవరు ఏ కారణం చెబితే దానికి తగ్గ విరుగుడు ఒకటి వంటింట్లో దొరికింది.

ఏమేం వాడారో ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. ఈ పని నేను ఎప్పుడూ తొందరపడి చెయ్యను. "ఏం వాడుతున్నారు?" అంటే "ఏమీ లేదు, కొబ్బరినూనె" అనేవాళ్లే ఎక్కువ. ఇంటి చిట్కా వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకని వారం రోజులు వరసగా అడుగుతాను: ఆదివారం తలకి ఏం రాశారు, సోమవారం ఏం చేశారు, అలా. ఈవిడ విషయంలో ఆ లెక్క ఇలా తేలింది. రోజు విడిచి రోజు ఉల్లిరసం, గంటసేపు. చుండ్రు కోసం వారానికి రెండుసార్లు నిమ్మరసం, నీళ్లు కలపకుండా నేరుగా మాడుకి. ఆదివారం ఒక చెంబు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తల రుద్దుకోవడం, "మాడు శుభ్రమవుద్దని". ఆ మర్నాడు గుడ్డు, పెరుగు. మధ్యలో కలబంద, కుండీలోంచి కోసి కోసినట్టే. రాత్రిళ్లు ఆముదం పట్టించి, ఆ జిడ్డు మీదే సన్నపళ్ల దువ్వెనతో చిక్కు తీసుకోవడం. వీటికి తోడు ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొన్న బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు, రోజుకి 10 మిల్లీగ్రాములు.

అయిదు వారాల్లో ఒక్క తల మీద ఇన్ని పడ్డాయి.

కాగితం మీద వంద వెంట్రుకలు

మాడు ఎర్రగా ఉంది. చెవుల వెనక, నడినెత్తిన పొట్టు లేస్తోంది. గోకిన గీరలు కనిపిస్తున్నాయి. అంత ఊడినా పాపిడి మరీ వెడల్పు కాలేదు, గుండ్రటి మచ్చలు ఎక్కడా లేవు. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఒక అరవై వెంట్రుకల పాయ పట్టుకుని కుదుళ్ల నుంచి చివరి దాకా మెల్లగా లాగితే తొమ్మిది చేతిలోకి వచ్చాయి. ఆరు దాటితే ఊడటం ఎక్కువగా ఉన్నట్టే లెక్క.

తర్వాత ఆవిడ తెచ్చిన కవర్ విప్పాను. ఉండలోంచి వంద వెంట్రుకలు విడదీసి తెల్లకాగితం మీద పక్కపక్కనే పరిచాను. దాదాపు గంట పట్టింది. ఆ గంటా ఆవిడ కదలకుండా చూస్తూ కూర్చున్నారు. ఒక్కొక్క వెంట్రుకనూ వేళ్ల మధ్య జారుస్తూ భూతద్దంతో చివర చూడాలి. కుదురుతో సహా ఊడిన వెంట్రుకకి ఒక కొసన గుండుసూది తలలాంటి తెల్లటి ముద్ద ఉంటుంది, వేలికి కూడా తగులుతుంది. విరిగిన దానికి అదేమీ ఉండదు. పొట్టిగా, రెండు కొసలూ ఒకేలా, కొన్నిసార్లు చీపురులా చీలి ఉంటుంది.

వందలో 61కి తెల్లముద్ద ఉంది. మిగిలిన 39 విరిగిన ముక్కలు.

అంటే ఆ కవర్లో ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. సగానికి పైగా లోపలి కారణంతో ఊడినవి. మిగతావి బయటి నుంచి మనం విరగ్గొట్టుకున్నవి. రెండూ ఒకే ఉండలో కలిసిపోవడం వల్ల, విరిగిన ప్రతి ముక్కా ఆవిడకి ఊడిన వెంట్రుకలాగే కనిపించింది. భయం పెరిగినకొద్దీ చిట్కాలు పెరిగాయి, చిట్కాలు పెరిగినకొద్దీ ముక్కలు పెరిగాయి.

గోరు చెప్పిన తేదీ

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కుడిచెయ్యి కొంగులోనే ఉంది. అడిగితే మొహమాటంగా తీశారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, మూడింటికీ గోటి మొదట్లో చర్మం ఉబ్బి ఎర్రబడింది. గోటిని చర్మానికి అతికించి ఉంచే సన్నటి పొర, మేం క్యూటికల్ అంటాం, అసలు లేనే లేదు. ఆ సందులో నీరు నిలిచి, పక్క అంచున గోరు గుల్లబారి పచ్చగా మారుతోంది. జుట్టు బాధ మీద ఈ గోరుచుట్లు అచ్చంగా రోకటిపోటే.

అయితే నన్ను ఆపింది ఆ వాపు కాదు. పది గోళ్ల మీదా అడ్డంగా ఒక గాడి ఉంది. ఎడమ బొటనవేలి గోటి మీద నా గోటిని మొదలు నుంచి చివరికి నడిపిస్తే మెట్టు దిగినట్టు తగిలింది. ఒక్క గోటికే ఉంటే ఏదో దెబ్బ తగిలి ఉంటుందనుకోవచ్చు. అన్ని గోళ్ల మీదా ఒకే ఎత్తులో ఉందంటే ఒళ్లంతా ఒకేసారి దెబ్బతిన్న రోజులు ఏవో ఉన్నాయని అర్థం. వీటిని ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ బో 1846లో వివరించాడు. అందుకే బో గీతలంటారు. గట్టి జబ్బు చేసినప్పుడు గోరు పెరగడం కొన్ని రోజులు మందగించి, మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగిన చోటే గాడి.

స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. గోటి మొదలు నుంచి గాడికి 6 మిల్లీమీటర్లు. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి రెండు నెలలు. గోరు పుట్టే చోటు చర్మం కింద లోపలికి ఉంటుంది, అక్కడి నుంచి బయట కనిపించడానికి ఇంకో నెల, నెలన్నర. మొత్తం మూడు నెలల పైమాట. డిసెంబరు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే సెప్టెంబరు మొదట్లో ఆగాను.

"వినాయక చవితి రోజుల్లో మీకు ఒంట్లో ఏమైనా బాగోలేదా?" అని అడిగాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "మీకెలా తెలిసింది మేడమ్? చవితికి పందిరి దాకా కూడా వెళ్లలేకపోయాను. వారం రోజులు మంచమే. 103 జ్వరం. షాపు మూసేశాం. వైరల్ అన్నారు."

జుట్టు సంగతి అక్కడే తేలిపోయింది. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం పెరిగే దశలో, కొద్ది భాగం విశ్రాంతి దశలో ఉంటుంది. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి తగ్గించేయడం లాంటివి జరిగితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి జారిపోతాయి. వెంటనే ఊడవు. రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి, కింద కొత్త వెంట్రుక లేచినప్పుడు ఊడిపోతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. సెప్టెంబరు జ్వరానికి నవంబరులో జుట్టు ఊడటం మొదలైంది. ఆ రోజుల్లోనే కార్తీకం వచ్చింది కాబట్టి నింద పుణ్యస్నానాల మీద పడింది. రోజూ తల తడిపితే, వదులైన వెంట్రుకలు రోజూ కంటపడతాయి, అంతే.

ఇదంతా ఆవిడకి చెప్పాను. తెల్లముద్ద ఉన్నవి చూపించి, "వీటి కింద కొత్తవి లేస్తున్నాయి" అన్నాను. విరిగిన ముక్కలు చూపించి, "వీటిని మనం ఆపగలం" అన్నాను.

వంటింటి వస్తువుల బలం

తినేది కదా, తలకి రాస్తే ఏమవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. పార్లర్‌లో పీహెచ్ కొలిచే కాగితం పట్టీలు ఎప్పుడూ పెట్టుకుంటాను. ఆ అంకె ఏడుకి ఎంత తగ్గితే అంత పులుపు (ఆమ్లం), ఎంత పెరిగితే అంత క్షారం. ఆవిడ కొలత ప్రకారమే సోడా నీళ్లు కలిపి పట్టీ ముంచితే ఎనిమిది దాటింది. నిమ్మరసం రెండు దగ్గర ఆగింది. మాడు చర్మం సహజంగా ఉండేది అయిదున్నర చుట్టుపక్కల. ఆదివారం ఈ కొసకి, రెండు రోజుల్లో ఆ కొసకి లాగుతుంటే వెంట్రుక పైపొరలోని పొలుసులు లేచిపోతాయి. అలా గరుకుబారిన జుట్టుకి ఆముదం పట్టించి సన్నపళ్ల దువ్వెన దింపితే తెగక ఏం చేస్తుంది? ఆముదం చెడ్డదని కాదు, చాలా చిక్కటిది. చిక్కు పడ్డ జుట్టులో దువ్వెనను ముందుకి పోనివ్వదు.

ఉల్లిరసం మాడుని మండించింది. కలబంద కోసిన వెంటనే కారే పసుపుపచ్చ జిగురు దురద పుట్టిస్తుంది. కోసిన మట్టని పావుగంట నిలబెట్టి ఆ జిగురు కారిపోయాక, కడిగి, తొక్క తీసి లోపలి గుజ్జు మాత్రమే వాడుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక కలబంద తమకి పడదనుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

నిమ్మతో ఇంకో ముప్పు కూడా ఉంది. ఆ రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు నల్లటి మచ్చలు పడతాయి. ఈవిడ నిమ్మచెక్కతో గోళ్లు కూడా రుద్దుకునేవారు, మెరుస్తాయని. క్యూటికల్ లేని వేళ్ల మీద ఆ పులుపు! తలుచుకుంటేనే నా వేళ్లు మండాయి.

ఏం చేశాం

ముందు అన్నీ ఆపేయించాను. నాలుగు వారాలు తలకి కొత్తది ఏదీ పెట్టకూడదు. ఆవిడకి ఇదే కష్టమైంది. "ఏటీ రాయకుండా ఎలాగుంటాం మేడమ్" అని రెండుసార్లు ఫోన్ చేశారు. చేతిలో ఏదో ఒకటి ఉంటే భయం కాస్త తగ్గుతుంది, ఆ మాట నాకూ అర్థమవుతుంది. అందుకే చేసుకునే పని ఒకటి ఇచ్చాను: వారానికి రెండుసార్లు కుంకుడు రసంతో తలస్నానం, నేను చెప్పిన పద్ధతిలోనే.

కుంకుడు పొడి వద్దు, కాయలే కొనమన్నాను. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. నేను జీసీసీ దుకాణంలో తెచ్చుకుంటాను. 1956 నుంచి ఏజెన్సీ గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న ఆ సహకార సంస్థకి ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. ఆవిడ జడ పొడవుకి పది పన్నెండు కాయలు చాలు. కొట్టి గింజలు తీసేసి, అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్న పిసికి పల్చటి నూలుగుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. రెండో వడపోత బద్ధకిస్తే పిప్పి మాడు మీద మిగిలి దురద పెడుతుంది. కళ్లలో పడితే భగ్గుమంటుంది, తల వెనక్కి వంచే పోసుకోవాలి. ఏ రోజు రసం ఆ రోజే. నీళ్లు కలిసిన ఇంటి తయారీ ఏదైనా, నిలవ ఉంచే మందు లేనప్పుడు, బయట పెడితే మర్నాటికే పాడవడం మొదలవుతుంది. నేను తీసిన రసంలో పట్టీ ముంచితే అయిదుకి కాస్త కింద చూపించింది.

బోరు నీళ్ల గురించి పక్కింటావిడ చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లలో సబ్బు తెల్లటి జిగటగా మారి జుట్టుకి పట్టేస్తుంది. కుంకుడులో నురగనిచ్చే పదార్థాలైన సపోనిన్లకి ఆ గొడవ లేదు. అలాంటి నీళ్లలో కూడా జుట్టు శుభ్రంగా జారుతుంది.

కొబ్బరినూనె ఉంచాను, కానీ చోటు మార్చాను. మాడుకి కాదు, చెవుల కింద నుంచి కొసల దాకా, స్నానానికి గంట ముందు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా తగ్గిస్తుందని 2003లో వచ్చిన పరిశోధన ఒకటి ఉంది. అదే పరిశోధనలో మినరల్ ఆయిల్‌కీ పొద్దుతిరుగుడు నూనెకీ ఆ గుణం కనబడలేదు. అయితే పొట్టు లేస్తున్న మాడుకి రాత్రంతా నూనె పట్టిస్తే చుండ్రుకి కారణమైన ఈస్టుకి భోజనం పెట్టినట్టే.

ఇక గోళ్లు. తెల్లవారుజామున నాలుగు నుంచి పదకొండు దాకా ఆవిడ చేతులు నీళ్లలోనే: బియ్యం, మినప్పప్పు కడగడం, పిండి తీయడం, పచ్చిమిర్చి తొడిమలు తుంచడం, గిన్నెలు. అడిగితే, క్యూటికల్‌ని బ్లేడుతో తానే కోసుకుంటున్నట్టు ఒప్పుకున్నారు, నీటుగా ఉంటుందని. అది గోటికి తలుపు లాంటిది. తలుపు పీకేసి నీళ్లలో చెయ్యి పెడితే లోపలికి ఏదైనా వెళుతుంది. కొయ్యడం మాన్పించాను, నిమ్మ మాన్పించాను, పని అయ్యాక పొడిగా తుడుచుకుని రెండు చుక్కల కొబ్బరినూనె గోటి చుట్టూ అద్దమన్నాను. నీళ్ల పనికి రబ్బరు గ్లవ్స్ తొడుక్కోమన్నాను.

ఆ గ్లవ్స్ విషయంలో తప్పు నాది. రెండు వారాలకి వచ్చేసరికి వాపు తగ్గకపోగా నాలుగో వేలికి కూడా పాకింది. పొయ్యి పక్కన, మన విశాఖ ఉక్కపోతలో, వట్టి రబ్బరు గ్లవ్స్‌లో చెయ్యి చెమటతో నానుతుందన్న ఆలోచన నాకు ముందే రావాల్సింది. ఆవిడకి క్షమాపణ చెప్పాను. లోపల పల్చటి నూలు గ్లవ్స్, పైన రబ్బరువి, ఇరవై నిమిషాలకోసారి తీసి లోపలివి మార్చుకునేలా నాలుగు జతలు పెట్టుకోమన్నాను. కడిగే పనిలో సగం భర్త తీసుకున్నారు. అసలు మార్పు తెచ్చింది అదేనని నా నమ్మకం.

డాక్టరు దగ్గరికి

మొదటి రోజే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నాను. ఆరు వారాలు దాటిన గోరుచుట్టు, అంచున పచ్చబడిన గోరు నా చేతిలో నయమయ్యేవి కావు. ఇంకో సంగతి కూడా చెప్పి పంపాను: బయోటిన్ వేసుకుంటున్నట్టు డాక్టరుకి తప్పకుండా చెప్పండని. ఎక్కువ మోతాదు బయోటిన్ ఒంట్లో ఉంటే థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షలు తప్పు అంకెలు చూపిస్తాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. డాక్టరు ఆ మాత్రలు ఆపించి, మూడు రోజులాగి రక్తం తీయించారు.

థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.4. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 11. నెలసరి ఎక్కువగా అవుతోందని అప్పుడు బయటపడింది, దానికి వేరే వైద్యం మొదలైంది. జ్వరం జుట్టుని ఊడ్చింది, ఇనుము లేకపోవడం తిరిగి లేవనివ్వడం లేదు. ఐరన్ మాత్రలు, వేళ్లకి ఆయింట్‌మెంట్ రాశారు. టీ తాగిన వెంటనే ఐరన్ వేసుకుంటే ఒంటికి పట్టదు. ఆవిడ పొద్దున్నుంచి అయిదు టీలు తాగే మనిషి. మాత్రకి ముందూ వెనకా గంటసేపైనా టీ లేకుండా చూసుకోమన్నాను. తల మీద పిండుకున్న నిమ్మకాయని తోటకూర పప్పులో పిండుకోమన్నాను. ఆ పులుపు ఇనుముని ఒంటికి బాగా పట్టిస్తుంది.

నెలనెలా

వచ్చిన ప్రతిసారీ ఒకే కొలత: తలస్నానానికి ముందు, వెడల్పు పళ్ల దువ్వెనతో సరిగ్గా ఒక నిమిషం దువ్వి, రాలినవి లెక్కపెట్టడం. డిసెంబరులో 84. జనవరి మధ్యలో 66. ఆవిడ ముఖం వాడిపోయింది, కానీ ఆ 66లో విరిగినవి తొమ్మిదే. మనం చేస్తున్న హాని ఆగిందన్నమాట. ఫిబ్రవరిలో 31, మార్చిలో 19, మే నెలలో 11.

ఇదంతా కుంకుడు మహిమ అని చెప్పుకుంటే అది అబద్ధం. జ్వరం తర్వాత ఊడే జుట్టు సాధారణంగా ఆరు నెలల్లో తానే సద్దుమణుగుతుంది. ఇనుము నింపినది డాక్టరు. నా వంతు ఆ ముప్పైతొమ్మిది ముక్కల వరకే. నేను తయారుచేసే నూనె ఒక సీసా కూడా ఆవిడకి అమ్మలేదు.

మార్చిలో పాపిడి పక్కన రెండంగుళాల లోపు కొత్త వెంట్రుకలు నిక్కపొడుచుకుని కనిపించాయి. అవి కూడా విరిగినవేమోనని ఆవిడ భయపడ్డారు. కొస సన్నగా సూదిలా ఉంటే కొత్తది, మొద్దుగా ఉంటే విరిగినది. భూతద్దం ఆవిడ చేతికే ఇచ్చాను. చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

గోళ్లకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. వాపు ఏప్రిల్‌కి తగ్గింది. క్యూటికల్ సన్నటి తెల్లదారంలా మళ్లీ అతుక్కోవడం జూన్ మొదట్లో చూశాను.

జూన్ చివర్లో ఆషాఢం వచ్చింది. "గోరింటాకు పెట్టుకోవచ్చా మేడమ్?" అని ఫోన్. బజారులో దొరికే నల్ల కోన్ల జోలికి పోవద్దన్నాను. గోరింటాకు రంగు నారింజ ఎరుపు. నల్లగా పండుతోందంటే అందులో తరచూ పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి చర్మం పొక్కిపోతుంది. వాళ్లమ్మ గారింటి పెరట్లో చెట్టుందని, ఆకు కోసుకొచ్చి తానే రుబ్బుకుంటానని చెప్పారు. అయితే నిశ్చింతగా పెట్టుకోండమ్మా అన్నాను. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటిలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌తో కలిసిపోతుంది. అందుకే అరచేతిలో రంగు కొన్ని వారాల్లో వెలిసిపోయినా గోటి మీది ఎరుపు గోరు పెరిగి పోయేదాకా పోదు.

2025 ఆగస్టు 27, వినాయక చవితి. పొద్దున్నే ఉండ్రాళ్లు పట్టుకుని పార్లర్‌కి వచ్చారు. డబ్బా అందిస్తుంటే వేళ్లు చూశాను. బొటనవేలి గోటి మీద ఎరుపు పైకి జరిగి, దాని కింద కొత్త గోరు నున్నగా, గాడి లేకుండా ఉంది. డ్రాయర్లోంచి స్కేలు తీశాను. ఆవిడ నవ్వుతూ తానే చెయ్యి చాపారు. 6 మిల్లీమీటర్లు.